తరగతి గదిలో యాభై నిమిషాలు

ప్రక్రియ : వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం : కళాశాల విద్యలో సాంకేతిక సాధనాల వినియోగం నానాటికీ పెరుగుతున్నది. అయితే సాధనాలు పెరిగినంత మాత్రాన బోధన మెరుగుపడదు. గురుశిష్యులు కలిసి కూర్చొనే కొద్దిపాటి కాలాన్ని దేనికి వినియోగిస్తున్నామన్న వివేచనే బోధనకు ప్రాణం. ఈ విషయాన్ని ఒక భౌతికశాస్త్రాచార్యుని అనుభవం ఆధారంగా వివరించి, చదువులో తమ వంతు బాధ్యతను విద్యార్థులకు గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

గంట మోగుతుంది. అధ్యాపకులు తరగతి గదిలోకి వస్తారు. విద్యార్థులు లేచి నమస్కరించి కూర్చుంటారు. హాజరు పిలవడం పూర్తయ్యాక పాఠం మొదలవుతుంది. సుద్దముక్క నల్లబల్ల మీద కదులుతూ ఉంటే, దాని వెంట కలాలు నోటుపుస్తకాలలో కదులుతూ ఉంటాయి. నలభై నిమిషాలు గడిచాక అధ్యాపకులు ఇటు తిరిగి, "అర్థమైందా?" అని అడుగుతారు. "అర్థమైంది సార్" అని తరగతి అంతా ముక్తకంఠంతో పలుకుతుంది. మళ్లీ గంట మోగుతుంది.

ఈ దృశ్యం మనకందరికీ పరిచితమైనదే. కాని ఆ "అర్థమైంది" అన్న మాటను ఒక్కసారి పరీక్షించి చూద్దాం. ఆ మాట అన్నవారిలో నిజంగా అర్థమైనవారు ఎందరు? అర్థమైందని అనుకొన్నవారు ఎందరు? అర్థం కాలేదని తెలిసి కూడా, నలుగురిలో లేచి అడగడానికి బిడియపడి గొంతు కలిపినవారు ఎందరు? తన కుటుంబంలో మొట్టమొదటిసారిగా కళాశాల గడప తొక్కిన విద్యార్థికి ఇంటి దగ్గర సందేహం తీర్చేవారు ఉండరు. ట్యూషన్‌కు వెళ్లే స్తోమత ఉండకపోవచ్చు. అతనికి ఉన్నదల్లా ఆ యాభై నిమిషాలే. అవి మౌనంగా గడిచిపోతే కలిగే నష్టాన్ని తరువాత ఎవరూ పూడ్చలేరు. కనుక ఆ కాలాన్ని ఎలా వినియోగించాలన్న ప్రశ్నలో బోధనాపద్ధతితో పాటు న్యాయం కూడా ఇమిడి ఉన్నది.

చదివి వినిపించే పద్ధతి

కళాశాల అధ్యాపకుణ్ణి మనం వాడుకలో లెక్చరర్ అంటాం. ఆయన చెప్పేది లెక్చర్. ఈ మాటకు మూలమైన లాటిన్ పదానికి 'చదవడం' అని అర్థం. మధ్యయుగంలో ఐరోపా విశ్వవిద్యాలయాలు ఏర్పడిన కాలానికి పుస్తకాలన్నీ చేతివ్రాత ప్రతులే. ఒక్కొక్క ప్రతిని సిద్ధం చేయడానికి ఎంతో శ్రమ, ఎంతో ధనం అవసరమయ్యేవి. ప్రతి విద్యార్థి చేతిలో పుస్తకం ఉండడం ఊహకు కూడా అందని విషయం. అందువల్ల ఆచార్యుడు గ్రంథాన్ని చదివి వ్యాఖ్యానించేవాడు; శిష్యులు విని రాసుకొనేవారు. ఆ కాలానికి అది ఉచితమైన ఏర్పాటే. పదిహేనో శతాబ్దం మధ్యలో గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం వచ్చింది. పుస్తకం క్రమక్రమంగా సామాన్యునికి కూడా అందుబాటులోకి వచ్చింది. అయినా చదివి వినిపించే పద్ధతి మాత్రం ఆగలేదు.

మన సంప్రదాయంలో వల్లెవేయడానికి ఎంత ప్రాధాన్యం ఉన్నదో, ప్రశ్నించడానికి కూడా అంత ప్రాధాన్యం ఉన్నది. ప్రశ్నోపనిషత్తు పేరులోనే ప్రశ్న ఉన్నది. ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఆయన వారిని ఒక ఏడాది నియమంతో గడపమని, ఆ తరువాత తమకు తోచిన ప్రశ్నలు అడగమని చెబుతాడు. ఆరుగురు అడిగిన ఆరు ప్రశ్నలు, వాటికి ఆయన ఇచ్చిన సమాధానాలే ఆ ఉపనిషత్తు.

విద్య ఎలా అబ్బుతుందో చెప్పే సంస్కృత సుభాషితం ఒకటి పండితుల నోట తరచుగా వినిపిస్తుంది. దాని భావం ఇది: విద్యలో ఒక పాలు గురువు వల్ల లభిస్తుంది, ఒక పాలు శిష్యుని సొంత మేధ వల్ల కలుగుతుంది, ఒక పాలు సహాధ్యాయుల వల్ల వస్తుంది, మిగిలిన పాలు కాలక్రమంలో సిద్ధిస్తుంది. ఈ నాలుగు పాళ్లలో మొదటిదానికే మన తరగతి గదిలోని కాలమంతా ఖర్చవుతున్నది. తక్కిన మూడింటికీ అక్కడ చోటు మిగలడం లేదు.

ఒక ఆచార్యుని ఆత్మపరీక్ష

ఎరిక్ మజూర్ నెదర్లాండ్స్‌లో జన్మించిన భౌతికశాస్త్రవేత్త. ఆయన 1984లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. ఆయన పాఠాలు స్పష్టంగా ఉండేవి. విద్యార్థులు ఆయన బోధనను మెచ్చుకొనేవారు. కఠినమైన లెక్కలు ఇచ్చినా చేసి చూపేవారు. తాను మంచి అధ్యాపకుణ్ణన్న నమ్మకం ఆయనకు కలగడంలో ఆశ్చర్యం లేదు.

1990 ప్రాంతంలో ఆయన కొన్ని పరిశోధన వ్యాసాలు చదివారు. అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఇబ్రహీం హల్లూన్, డేవిడ్ హెస్టినెస్ వాటిని 1985లో ప్రకటించారు. భౌతికశాస్త్రం చదవకముందు బలాన్ని గురించి, చలనాన్ని గురించి విద్యార్థుల మనసులో పాతుకొని ఉన్న అపోహలు ఆ శాస్త్రం చదివిన తరువాత కూడా చాలావరకు అలాగే ఉంటున్నాయని వారు తేల్చి చెప్పారు. అందుకు వారు వాడిన పరీక్షలో పెద్ద లెక్కలేమీ లేవు. నిత్యజీవితానికి దగ్గరగా ఉండే చిన్న ప్రశ్నలే ఉన్నాయి.

మజూర్ ఆ మాటను మొదట నమ్మలేదు. ఇతర విద్యార్థుల సంగతి ఏమైనా, తన విద్యార్థులు అలా ఉండరని భావించి, అదే పరీక్షను వారికి పెట్టారు. పరీక్ష జరుగుతుండగా ఒక విద్యార్థిని లేచి, ఈ ప్రశ్నలకు మీరు బోధించిన ప్రకారం జవాబు రాయాలా, లేక నేను మామూలుగా ఆలోచించే ప్రకారం రాయాలా అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో ఆయనకు కనువిప్పు కలిగింది. తాను చెప్పిన శాస్త్రం ఆమె నోటుపుస్తకంలో ఉన్నది. ఆమె ఆలోచన మాత్రం వేరొకచోట ఉన్నది. రెండూ ఎక్కడా కలుసుకోలేదు. పరీక్ష ఫలితాలు కూడా ఆ విషయాన్నే ధ్రువపరిచాయి. క్లిష్టమైన లెక్కలు చేయగలిగినవారు మౌలికమైన ప్రశ్నల దగ్గర తడబడ్డారు.

అటువంటి ప్రశ్న ఒకటి చూడండి. బరువైన ట్రక్కు, తేలికైన కారు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. రెండింటిలో ఏది రెండోదానిపై ఎక్కువ బలాన్ని ప్రయోగించింది? ట్రక్కు అని చెప్పాలని వెంటనే అనిపిస్తుంది. కారు నుజ్జునుజ్జయిన దృశ్యం మన కళ్ల ముందు మెదులుతుంది కదా! కాని న్యూటన్ మూడో గమన నియమం ప్రకారం రెండూ పరస్పరం ప్రయోగించుకొనే బలాలు సమానం. కారు ద్రవ్యరాశి తక్కువ కనుక దాని వేగంలో కలిగే మార్పు ఎక్కువ. అందుకే నష్టం దానికి ఎక్కువ. ఆ నియమాన్ని అక్షరం తప్పకుండా అప్పజెప్పగలిగిన విద్యార్థి కూడా ఈ ప్రశ్న దగ్గర తప్పు చేయవచ్చు. నియమం కంఠస్థమైంది, హృదయస్థం కాలేదు.

ఫలితాలు చూసిన తరువాత మజూర్ విద్యార్థులపై నింద మోపలేదు. ప్రశ్నపత్రాన్ని కూడా తప్పుపట్టలేదు. తన బోధనను తానే పరీక్షించుకొన్నారు. ఆయన గొప్పతనం ఇక్కడే ఉన్నది.

తోటి విద్యార్థి చెప్పిన పాఠం

ఒకనాడు మజూర్ అటువంటి ప్రశ్న ఒకదాన్ని బల్ల మీద ఎంతో శ్రద్ధగా వివరించారు. ఒక విధంగా చెప్పి, మరొక విధంగా కూడా చెప్పారు. అయినా విద్యార్థుల ముఖాలలో అయోమయం పోలేదు. ఏమి చేయాలో తోచక, మీలో మీరే చర్చించుకోండి అన్నారు. మరుక్షణంలో నిశ్శబ్దంగా ఉన్న గది సంతలా మారింది. అందరూ పక్కవారి వైపు తిరిగి వాదించుకోసాగారు. కొద్ది నిమిషాలలోనే వారిలో అనేకులు సరైన సమాధానానికి చేరుకొన్నారు. ఆచార్యుడు చెప్పినప్పుడు అందనిది, తోటివాడు చెప్పినప్పుడు అందింది.

దీనికి కారణం లేకపోలేదు. ఏరు దాటి చాలాకాలమైనవాడికి ఏ రాయి మీద కాలు జారుతుందో గుర్తుండదు. ఇప్పుడే దాటినవాడి పాదాలు ఇంకా తడిగానే ఉంటాయి. ఒక భావాన్ని అప్పుడే గ్రహించిన విద్యార్థికి తాను ఎక్కడ తడబడ్డాడో, ఏ మాటతో తన సందేహం తీరిందో బాగా తెలుసు. అతడు పక్కవాడికి చెప్పేది సరిగ్గా ఆ మాటే.

ఈ అనుభవాన్ని మజూర్ 1991 నుంచి ఒక క్రమబద్ధమైన పద్ధతిగా రూపొందించారు. 1997లో గ్రంథరూపంలో ప్రకటించారు. దీనిని తెలుగులో సహాధ్యాయ బోధన అనవచ్చు. ఇందులో విద్యార్థులు పాఠాన్ని ముందుగానే చదువుకొని తరగతికి వస్తారు. అధ్యాపకుడు ముఖ్యమైన భావాన్ని కొద్దిసేపు వివరించి, ఆలోచింపజేసే ప్రశ్న ఒకటి ఇస్తాడు. మొదట ఎవరికి వారే మౌనంగా ఆలోచించి తమ జవాబును తెలియజేస్తారు. తరువాత, తమతో ఏకీభవించని పక్కవారితో వాదించి ఒప్పించడానికి ప్రయత్నిస్తారు. మళ్లీ జవాబు చెబుతారు. చివరకు అధ్యాపకుడు సరైన సమాధానాన్ని వివరిస్తాడు. తొలిసారి సరైన జవాబు చెప్పినవారు నూటికి ముప్పైమంది కంటే తక్కువైతే భావాన్ని తిరిగి వివరించడం మంచిది. డెబ్బైమంది కంటే ఎక్కువైతే ముందుకు సాగవచ్చు. ఆ రెండింటికీ మధ్య ఉన్నప్పుడు చర్చ బాగా ఫలిస్తుంది.

తెలియనివాడు తెలియనివాడికి ఏమి చెప్పగలడని కొందరు ఆక్షేపించవచ్చు. కొలరాడో విశ్వవిద్యాలయంలోని జీవశాస్త్ర తరగతులలో ఈ విషయాన్నే పరిశీలించారు. మొదట సరైన జవాబు ఎవరికీ తెలియని జట్లు కూడా చర్చ ద్వారా భావాన్ని గ్రహించి, అదే భావంపై అడిగిన కొత్త ప్రశ్నకు మెరుగైన జవాబులు ఇచ్చాయని 2009లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఇక 2014లో స్కాట్ ఫ్రీమన్, ఆయన సహచరులు విజ్ఞాన, సాంకేతిక, గణిత విషయాల బోధనపై జరిగిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. కేవలం ఉపన్యాసం సాగిన తరగతులలో తప్పినవారు సగటున నూటికి 33.8 మంది. విద్యార్థులు చురుకుగా పాల్గొన్న తరగతులలో వారు 21.8 మంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా వందమంది ఉన్న తరగతిలో పన్నెండుమంది విద్యార్థుల భవిష్యత్తు.

చెట్టు బరువు ఎక్కడిది?

ఈ పద్ధతి భౌతికశాస్త్రానికే పరిమితం కాదు. ఒక చింతగింజను నాటారు. కొన్నేళ్లకు అది మహావృక్షమైంది. కొన్ని టన్నుల కొయ్య తయారైంది. అందులోని పదార్థంలో అధికభాగం ఎక్కడి నుంచి వచ్చింది? మట్టి నుంచా, ఎరువు నుంచా, సూర్యకాంతి నుంచా, గాలి నుంచా? చదవడం కొంచెం ఆపి, మీ జవాబును ఒక కాగితం మీద రాసుకోండి.

చాలామంది మట్టి అంటారు. పదిహేడో శతాబ్దానికి చెందిన వాన్ హెల్మాంట్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని స్వయంగా పరీక్షించాడు. రెండు వందల పౌన్ల ఎండుమట్టిలో అయిదు పౌన్ల విల్లో మొక్కను నాటి, అయిదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు బరువు సుమారు 169 పౌన్లకు పెరిగింది. మట్టి తగ్గినది దాదాపు రెండు ఔన్సులే. చెట్టంతా నీటి నుంచే తయారైందని ఆయన నిర్ణయించాడు. ఆయన మరణానంతరం 1648లో వెలువడిన గ్రంథంలో ఈ ప్రయోగం ఉన్నది. మట్టి కాదన్నంతవరకు ఆయన మాట సరైనదే. కాని ఆయన గాలిని లెక్కలోకి తీసుకోలేదు. ఎండిన కొయ్య బరువులో దాదాపు సగం కార్బన్. అది కిరణజన్య సంయోగక్రియ ద్వారా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి లభించినది. గాలికి బరువేమిటి, అది కొయ్య ఎలా అవుతుందని మనసు ఎదురుతిరుగుతుంది. ఆ ఎదురుతిరగడమే చర్చకు బీజం. అంతటి శాస్త్రజ్ఞుడే పొరబడిన చోట మనం పొరబడితే సిగ్గుపడవలసిన పని లేదు. పొరపాటు బయటపడకుండా లోపలే ఉండిపోతే మాత్రం దానికి చికిత్స లేదు.

సాధనం – వివేచన

ఇందులో సాంకేతిక సాధనానికి ఉన్న స్థానం ఏమిటి? మజూర్ పద్ధతి వ్యాపించిన తరువాత, జవాబులను తెలియజేయడానికి అరచేతిలో ఇమిడే చిన్న మీటల పరికరాలు వాడుకలోకి వచ్చాయి. మీట నొక్కగానే ఎంతమంది ఏ జవాబు ఎంచుకొన్నారో తెర మీద కనిపిస్తుంది. ఈ పరికరాలు వాడిన తరగతిని, అట్టముక్కలు ఎత్తి జవాబు చూపిన తరగతిని నతానియల్ లాస్రీ పోల్చి చూసి, ఫలితాలను 2008లో ప్రకటించారు. భావాలను గ్రహించడంలో రెండు తరగతుల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. విద్యార్థులకు మేలు చేసినది ప్రశ్న, ఆలోచన, చర్చ. పరికరం వాటికి సేవకుడు మాత్రమే. జవాబులను వెంటనే లెక్కించడం, ఎవరు ఏమి చెప్పారో ఇతరులకు తెలియకుండా ఉంచడం దాని ప్రయోజనాలు. బిడియస్థులకు రెండోది మహోపకారం. పరికరాలు లేని కళాశాలలో గుండెకు దగ్గరగా పెట్టుకొని వేళ్లు చూపినా ఆ పని నెరవేరుతుంది.

దూరానికి పాఠాన్ని చేర్చడంలో మన దేశం ముందడుగు వేసిన దేశాలలో ఒకటి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ప్రసిద్ధం. 1984లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్‌లో కళాశాల పాఠాలను ప్రారంభించింది. 2004 సెప్టెంబరులో విద్య కోసమే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి నింగికెగసింది. ఐఐటీల ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటెల్ ద్వారా నేడు ఎవరికైనా ఉచితంగా లభిస్తున్నాయి. మారుమూల పల్లెలోని విద్యార్థి కూడా గొప్ప ఆచార్యుని పాఠాన్ని ఎన్నిసార్లయినా ఆపి, వెనక్కు తిప్పి వినవచ్చు. ఇది సామాన్యమైన వరం కాదు.

అయితే వినడం ఇంటి వద్దనే సాధ్యమైనప్పుడు, తరగతి గదిలో మళ్లీ వినడమే ఎందుకు? అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు ఉన్నత పాఠశాల రసాయనశాస్త్రోపాధ్యాయులకు 2007లో ఈ ప్రశ్న ఎదురైంది. తరగతికి రాలేకపోయిన విద్యార్థుల కోసం వారు పాఠాలను రికార్డు చేశారు. క్రమంగా వినడాన్ని ఇంటికి, లెక్కలు చేయడాన్ని తరగతికి మార్చారు. ఒంటరిగా కూర్చొని చిక్కుముడి విప్పలేక సతమతమయ్యే వేళకే కదా విద్యార్థికి గురువు అవసరం! ఆ వేళకు గురువు పక్కనే ఉండేలా ఏర్పాటు చేయడమే వారు చేసిన మార్పు.

1990ల దశకంలో ఇండియానాపొలిస్ నగరంలోని కొందరు ఆచార్యులు మరొక ఉపాయం కనిపెట్టారు. తరగతికి ముందే విద్యార్థులు రెండు మూడు ప్రశ్నలకు జవాబులు కంప్యూటర్ ద్వారా పంపుతారు. అధ్యాపకుడు వాటిని చదివి, ఎక్కడ తడబడుతున్నారో గమనించి, ఆనాటి పాఠాన్ని అందుకు తగినట్లు మలచుకొంటాడు. రోగిని చూడకముందే మందు రాసే వైద్యుడు ఉండడు. విద్యార్థి మనసు తెలియకుండా పాఠం చెప్పడం కూడా అటువంటిదే. ఇక్కడ సాధనం విద్యార్థి నుంచి గురువుకు కబురు మోస్తున్నది. సాధనాలను ఈ దిశలో వాడడం మనం ఇంకా నేర్చుకోవలసి ఉన్నది.

దీనికి భిన్నంగా, తెర మీద అక్షరాలను వరుసగా చూపుతూ వాటినే చదివి వినిపించడం కొన్నిచోట్ల ఆధునిక బోధనగా చెలామణి అవుతున్నది. అది మధ్యయుగపు పద్ధతికి విద్యుత్తు జోడించడమే. సాధనం కొత్తది, పని పాతది.

సాధనాలకు మరొక హద్దు కూడా ఉన్నది. 2020లో కరోనా మహమ్మారి వల్ల కళాశాలలు మూతపడినప్పుడు పాఠాలు సెల్‌ఫోన్ తెరలపైకి మారాయి. ఇంట్లో ఒకే ఫోన్ ఉన్న అన్నాచెల్లెళ్లు, సిగ్నల్ కోసం ఎత్తైన చోట్లు వెతుక్కొన్న గిరిజన విద్యార్థులు ఆ కాలంలో పడిన ఇబ్బందులు మరచిపోదగినవి కావు. కనుక ఏ సాధనాన్ని ఎంచుకొనే ముందైనా అది ఎవరికి అందదో మొదట ఆలోచించాలి. అందనివారికి అచ్చుకాగితమో, కళాశాల గ్రంథాలయంలో ఒక గంట సమయమో ప్రత్యామ్నాయంగా ఉండాలి.

ఖర్చు లేని సాధనం

అన్నింటికంటే చౌకైన సాధనం మౌనం. ప్రశ్న అడిగిన తరువాత ఉపాధ్యాయులు సగటున ఒక్క క్షణమే ఆగి, జవాబు తామే చెప్పడమో, మరొకరిని అడగడమో చేస్తున్నారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల దశకంలో గమనించారు. ఆ నిరీక్షణను మూడు క్షణాలకు పెంచగానే జవాబుల నిడివి పెరిగింది. అంతవరకు నోరు విప్పనివారు కూడా మాట్లాడసాగారు. రెండు క్షణాల ఓపిక చేసిన మేలు అది.

చర్చలతో కాలం గడిపితే పాఠ్యప్రణాళిక పూర్తయ్యేదెలా అన్నది అధ్యాపకుల ఆవేదన. అది కొట్టివేయదగినది కాదు. పబ్లిక్ పరీక్షల తేదీలు ఎవరి కోసమూ ఆగవు. తరగతిలో అరవై, డెబ్బైమంది ఉన్నప్పుడు చర్చను అదుపులో ఉంచడం కూడా కష్టమే. అందుకే రోజంతా చర్చలు జరపనక్కరలేదు. యాభై నిమిషాలలో ఒక్క మంచి ప్రశ్నకు అయిదు నిమిషాలు కేటాయించినా చాలు. పుస్తకంలో స్పష్టంగా ఉన్న భాగాన్ని చదువుకొని రమ్మంటే ఆ అయిదు నిమిషాలు మిగులుతాయి. పాఠం పూర్తికావడం వేరు, పాఠం అర్థంకావడం వేరు.

విద్యార్థి పాలు

ఈ మార్పులో విద్యార్థి బాధ్యత కూడా తక్కువేమీ కాదు. 2019లో హార్వర్డ్‌లోనే జరిగిన ఒక అధ్యయనంలో చిత్రమైన విషయం బయటపడింది. చురుకుగా పాల్గొన్న విద్యార్థులు ఎక్కువ నేర్చుకొన్నారు. కాని తాము తక్కువ నేర్చుకొన్నామని భావించారు. చక్కని ఉపన్యాసం విన్నవారు తక్కువ నేర్చుకొన్నారు. కాని ఎక్కువ నేర్చుకొన్నామని అనుకొన్నారు. ధారాళంగా సాగే పాఠం వినడానికి హాయిగా ఉంటుంది. స్వయంగా ఆలోచించడం శ్రమగా ఉంటుంది. ఆ శ్రమను చూసి, మనకు చదువు రావడం లేదని నిరాశపడకూడదు. అది చదువు వంటబడుతున్న గుర్తు.

ఇంటి దగ్గర చదువుకొనేటప్పుడు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారిని, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తుచేసుకొన్నవారిని పోల్చారు. అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో మొదటివారిదే పైచేయి. వారం తరువాత పెట్టిన పరీక్షలో రెండోవారు ముందున్నారు. పబ్లిక్ పరీక్ష అయిదు నిమిషాల తరువాత వచ్చేది కాదు కదా! నేడు ఏ ప్రశ్నకైనా క్షణంలో జవాబు రాసి ఇచ్చే కృత్రిమ మేధ చేతికందుతున్నది. దాని జవాబును ఎత్తిరాసుకొంటే మన పాలు ఆలోచనను దానికి అప్పగించినట్లే. ముందు మన జవాబు మనం రాసి, ఆపైన దానితో సరిచూసుకొంటే అదే యంత్రం మంచి సహాధ్యాయి కాగలదు.

మళ్లీ ఆ తరగతి గదికే వెళదాం. అధ్యాపకులు ఇటు తిరిగారు. ఈసారి "అర్థమైందా?" అని అడగలేదు. బల్ల మీద చింతచెట్టు ప్రశ్న రాసి, నాలుగు జవాబులు ఇచ్చి, మౌనంగా నిలబడ్డారు. వేళ్లు లేచాయి. నలభైమంది మట్టి అన్నారు. చివరి బల్ల మీద కూర్చున్న విద్యార్థి ఒకడు గాలి అన్నాడు. "ఎందుకు?" అని పక్కవాడు అడిగాడు. అతడు మొదట తడబడ్డాడు, తరువాత చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది తరగతిలో అతని గొంతు వినిపించడం అదే మొదటిసారి. గంట మోగింది. వరండాలోకి నడుస్తూ కూడా ఆ ఇద్దరూ వాదించుకొంటూనే ఉన్నారు.

కఠిన పదాలకు అర్థాలు

ముక్తకంఠంతో : ఒకే గొంతుగా, అందరూ కలిసి
స్తోమత : ఆర్థిక శక్తి
జిజ్ఞాసువులు : తెలుసుకొనాలనే కోరిక గలవారు
సహాధ్యాయి : కలిసి చదువుకొనేవాడు
పాలు : భాగం, వాటా
కనువిప్పు : సత్యం తెలియడం
హృదయస్థం : మనసులో నిలిచినది
సార్వత్రిక : అందరికీ అందుబాటులో ఉండే

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఎరిక్ మజూర్ తన బోధనను మార్చుకోవడానికి దారితీసిన పరిస్థితులను, ఆయన రూపొందించిన పద్ధతిని వివరించండి.
2. 'సాధనం కొత్తది, పని పాతది' అన్న వాక్యం ఆధారంగా సాంకేతిక సాధనాల సద్వినియోగాన్ని చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. విద్యలోని నాలుగు పాళ్లు ఏవి?
2. వాన్ హెల్మాంట్ ప్రయోగాన్ని, అందులోని పొరపాటును తెలపండి.
3. 2019 నాటి హార్వర్డ్ అధ్యయనం వెల్లడించిన విషయమేమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'లెక్చర్' అన్న మాటకు మూలార్థమేమిటి?
2. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎక్కడ ఏర్పడింది?
3. అన్నింటికంటే చౌకైన సాధనం ఏది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. నియమం కంఠస్థమైంది, హృదయస్థం కాలేదు.
2. ఇప్పుడే దాటినవాడి పాదాలు ఇంకా తడిగానే ఉంటాయి.

V. సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
సహాధ్యాయి = సహ + అధ్యాయి – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి

VI. సమాసాలు
గురుశిష్యులు : గురువూ, శిష్యుడూ – ద్వంద్వ సమాసం
నల్లబల్ల : నల్లనైన బల్ల – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నాలుగు పాళ్లు : నాలుగు అనే సంఖ్యగల పాళ్లు – ద్విగు సమాసం

VII. కృత్యం
మీకు కష్టమనిపించిన ఒక పాఠం నుంచి ఒక ప్రశ్నను, దానికి నాలుగు జవాబులను తయారు చేయండి. తప్పు జవాబులు కూడా నమ్మదగినట్లు ఉండాలి. తరగతిలో మీ మిత్రుల చేత చర్చింపజేసి, చర్చకు ముందు, తరువాత వచ్చిన జవాబులను పోల్చి రాయండి.